మెట్ల మలుపులో పీట

ఆసుపత్రిలో ఆయన్ని అందరూ కత్తుల మాస్టారు అంటారు. ఆ పేరు విని మీసం మెలేసిన మొనగాడినెవరినో ఊహించుకోకండి. బక్కపలచటి మనిషి, యాభై ఎనిమిదేళ్ళు. కనురెప్పలు ఎప్పుడూ సగానికి వాలి ఉంటాయి. బళ్ళో చదివే రోజుల్లో నిద్రమొహం అని ఏడిపించేవాళ్ళట. వెనక ఎవరైనా గట్టిగా తుమ్మితే ఉలిక్కిపడతాడు. ఇక ఆయన కత్తులంటారా, అవి గాజువి. ఒక్కొక్కటి అగ్గిపెట్టెలో సగం ఉంటుంది.

ఆయన గది నేలమాళిగలో ఉంది. ఒక పక్క దుప్పట్లు ఉతికే యంత్రాలు, ఇంకో పక్క లిఫ్టు మోటారు. కిటికీ లేదు. సెల్‌ఫోనుకు సిగ్నలు అందదు. బయట వానొచ్చిందో ఎండ కాసిందో తెలియాలంటే లోపలికొచ్చే వాళ్ళ చెప్పులు చూడాలి, ఆ వచ్చేవాళ్ళే లేరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన అక్కడే ఉన్నాడు. పొద్దున్నే దళసరి గాజు పట్టీ ఒకటి తీసి, చిన్న చక్రంతో దాని మీద గీత గీసి, రెండు వైపులా మెల్లిగా నొక్కుతాడు. టిక్కుమని విరుగుతుంది. చదరం వస్తే దాన్ని మూలకు మళ్ళీ విరుస్తాడు. అప్పుడు పుట్టే అంచు ముందు మంగలి కత్తి కూడా రోకలిబండే. కానీ మధ్యాహ్నానికల్లా ఆ వాడి పోతుంది, రేపు మళ్ళీ కొత్త కత్తి చేసుకోవాల్సిందే.

ఆ కత్తితో ఆయన కోసేది మనుషుల ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కల్ని. పై అంతస్తుల్లో డాక్టర్లు పంపుతారు. ఆ ముక్కను మైనం కంటే గట్టిగా గడ్డకట్టే జిగురులో పొదిగి, పొయ్యిలో పెట్టి బిగించాక, నువ్వుగింజంత కొస మిగుల్చుకుని పొరలు తీస్తాడు. తలవెంట్రుక మందాన్ని వెయ్యి పొరలు చేస్తే అందులో ఒక్క పొర ఎంతో, అంత మందం. కత్తి వెనక చిన్న తొట్టిలో నీళ్ళుంటాయి. పొర తెగి ఆ నీటి మీద తేలుతుంది. చేత్తో ముట్టుకునే వ్యవహారం కాదు, కాబట్టి అగ్గిపుల్లకు ఒక కనురెప్ప వెంట్రుక అతికించి దాంతో నెడతాడు. ఆ వెంట్రుక ఆయనదే.

పొర మందం ఎంతో కొలిచే స్కేలు లేదు, రంగును చూసి చెప్పాలి. సబ్బుబుడగ మీద రంగులు తిరుగుతాయే, అలాంటిదే. ఊదాగా మెరిస్తే బాగా మందం. బంగారు రంగైతే ఇంకాస్త తగ్గాలి. వెండి రంగు వచ్చిందా, భేష్. బూడిద రంగులోకి దిగిందంటే మరీ పల్చన, వేల రెట్లు పెంచి చూపే పెద్ద యంత్రంలో పెట్టగానే చిరిగి పోగులవుతుంది. వెండిని పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరొక్కటే ఆయన ఆస్తి.

ఇంతకీ ఇంత తంటా దేనికంటే, ఎక్కువగా మైటోకాండ్రియాను చూడ్డానికి. ఉలిక్కిపడకండి, మీరూ చదువుకున్నదే. బళ్ళో పుస్తకంలో చిక్కుడుగింజ లాంటి బొమ్మ, లోపల మెలికలు, కింద ‘కణశక్త్యాగారం’ అని ఓ బండ మాట. పరీక్షకు బట్టీ పట్టి, గట్టెక్కగానే గట్టునే వదిలేశాం. దానికి రెండు పొరలు. పై పొర నున్నగా ఉంటుంది. లోపలి పొర మరీ పెద్దది, పెద్ద దుప్పటిని చిన్న దిండు గలీబులో కుక్కినట్టు మడతలు మడతలుగా పడి ఉంటుంది. మనం తిన్న తిండీ పీల్చిన గాలీ చివరికి కలుసుకునేది ఆ మడతల దగ్గరే. అక్కడ పుట్టిన శక్తితోనే కాలు లేస్తుంది, రెప్ప లేస్తుంది, గుండె కొట్టుకుంటుంది. గుండెలో ఒక్కో కణానికి ఇవి వేలల్లో ఉంటాయి మరి. ఆ మడతలు పాడయ్యాయంటే ఎంత తిన్నా ఒకటే. ఇంటి నిండా సరుకులున్నా పొయ్యి వెలగదు.

ఇంకో సంగతి ఉంది. ఇవి మనకు తల్లి నుంచే వస్తాయి. తండ్రి వాటా లేదు. తల్లి కొడుక్కీ ఇస్తుంది, కూతురికీ ఇస్తుంది. కూతురు తన పిల్లలకు ఇస్తుంది. కొడుకు మాత్రం ఎవరికీ ఇవ్వలేడు. మాస్టారు పెళ్ళి చేసుకోలేదు. చేసుకుని పదిమందిని కన్నా, వాళ్ళమ్మ ఇచ్చినవి ఆయనతో ఆఖరే. ఈ సంగతి ఆయన చాలా ఏళ్ళు ఒంటరిగా తలుచుకున్నాడు.

ఒకరోజు పొద్దున ఆ గదిలో గోడకున్న ఫోను మోగింది. అది ఏడాదికి నాలుగుసార్లు మోగితే గొప్ప.

"ఒరేయ్, నేనురా."

అక్క. ఆమె ఇంకో ఊళ్ళో ఉంటుంది. ఇద్దరూ ఏడాదికి రెండుసార్లు మాట్లాడుకుంటారు, బాగున్నావా అంటే బాగున్నాననడం, అంతటితో సరి. ఆసుపత్రి నంబరుకు చేయడం ఇదే మొదలు.

"చిన్నదానికి తొడ కండలోంచి ముక్క తీశార్రా. మీ ఆసుపత్రికే పంపుతున్నారట. నీ దగ్గరికే వస్తుందా?"

"వస్తే నా దగ్గరికే రావాలి. ఏమైంది దానికి?"

"ఆరేళ్ళుగా ఇదే బాధ. పొద్దున లేచినప్పుడు లక్షణంగా ఉంటుంది. సాయంత్రానికి మెట్లెక్కలేదు, రెప్పలెత్తలేదు. దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడలేక కుర్చీ అడిగిందని ఉద్యోగంలోంచి పొమ్మన్నారు. అల్లుడేమో నాటకాలంటాడు. ముగ్గురు డాక్టర్లు మనసు బాగాలేదని రాసి బిళ్ళలిచ్చారు. ఈ నాలుగో ఆయనే, కండ చూద్దాం, అందులో ఏం లేకపోతే అప్పుడు మనసు జబ్బే అనుకుందాం అన్నాడు." అక్క ఆగింది. "మొన్న అదేమందో తెలుసా? అమ్మా, నేను నిజంగానే నటిస్తున్నానేమోనే అంది."

మాస్టారు చేతిలోని గాజు పట్టీని బల్ల మీద పెట్టేశాడు.

"వింటున్నావా? మళ్ళీ కోస్తామంటే మాత్రం రానని చెప్పేసింది. ఈ ముక్కతోనే తేలాలి. జాగ్రత్తగా చూడరా."

"చూస్తానక్కా," అన్నాడు. చెప్పాల్సిన మాట ఇంకొకటి గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఆ మాట అక్కడ కూర్చోవడం కొత్తేమీ కాదు, ఇరవై రెండేళ్ళుగా దానికదే కాపురం.

ఆ మాట సంగతి చెప్పాలంటే వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. అద్దె ఇల్లు మూడో అంతస్తులో. నలభై ఎనిమిది మెట్లు. అమ్మ పొద్దున హుషారుగా దిగేది, కుట్టుపని చేసే చోటికి వెళ్ళి సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ వచ్చేది. రెండో అంతస్తు మలుపు దగ్గరికొచ్చేసరికి ఇక ఒక్క మెట్టు ఎక్కలేకపోయేది. ఏమిటమ్మా అంటే ఒకటే మాట, "ఓపిక లేదు నాన్నా." అక్కకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఎవరూ చెప్పకుండానే ఇంట్లోంచి చిన్న చెక్కపీట తెచ్చి ఆ మలుపులో గోడకు చేర్చి వేసింది. అమ్మ రోజూ దాని మీద పావుగంట కూర్చుని, ఆ తర్వాత మిగతా మెట్లు ఎక్కేది. పైకీ కిందికీ తిరిగే వాళ్ళు ఊరుకుంటారా? మహారాణిగారి సింహాసనం అనేవాళ్ళు.

తమ్ముడికి పదిహేనేళ్ళు. ఆ వయసులో సిగ్గు ముందు పుట్టి మనిషి తర్వాత పుడతాడు. ఒక సాయంత్రం ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని ఇంటికొస్తుంటే, అమ్మ పీట మీద కూర్చుని ఉంది. రెప్పలు మూతలు పడ్డాయి, నోరు కాస్త తెరుచుకుంది, ఒళ్ళో సంచీ. స్నేహితుడొకడు కిసుక్కున నవ్వాడు. వీడికి తల కొట్టేసినట్టయింది.

"నీకు జబ్బూ లేదు గిబ్బూ లేదు, ఒళ్ళు బద్ధకం! లే పైకి!" అని అరిచాడు.

అమ్మ వేలితో ఒక రెప్ప పైకెత్తి వాడి మొహం చూసింది. ఏమీ అనలేదు. లేచి గోడ పట్టుకుంది. వాడు పీట చంకన పెట్టుకుని పైకి తీసుకుపోయాడు. మర్నాడు అక్క మళ్ళీ తీసుకెళ్ళి వెయ్యబోతే అమ్మే ఆపింది. "వద్దులేవే, వాడు చిన్నబుచ్చుకుంటాడు." ఆ తర్వాత రెండేళ్ళు ఆ మలుపులో నిలబడే ఆయాసం తీర్చుకుంది. రెండో ఏడు చలికాలంలో ఊపిరి అందక ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. తీసుకోవడానికి ఎదురుగా మనిషన్నా ఉండాలి కదా!

ముప్పై ఆరో ఏట ఆయనకు అసలు సంగతి తెలిసింది. అదే నేలమాళిగలో, వరండా చివరి గదిలో పెద్ద యంత్రం ముందు కూర్చుని పొరల్ని చదివి రిపోర్టు రాసేది డాక్టరమ్మ. ఒకరోజు ఆవిడ ఎవరిదో కండ పొర చూస్తూ, "మాస్టారూ, ఒకసారి రండి, ఇలాంటిది అరుదు," అని పిలిచింది. తెర మీద మైటోకాండ్రియా గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఉండాల్సిన దానికన్నా పెద్దవి. మడతలు చక్కగా లేవు, బొటనవేలి ముద్రలా చుట్లు తిరిగిపోయాయి. కొన్నిటి లోపల ఇటుకలు పేర్చినట్టు గట్టి దిమ్మెలు. "పాపం, వీళ్ళకు సాయంత్రానికి రెప్పలు వాలిపోతాయి, మెట్లెక్కలేరు. అందరూ బద్ధకం అంటారు. ఇలాంటి వాటిలో కొన్ని తల్లి నుంచి పిల్లలకొస్తాయి," అంది డాక్టరమ్మ మామూలుగా. ఆయన సరేనండీ అని బయటికొచ్చి, తన గదిలో తలుపేసుకుని, గాజు పట్టీ ఒకటి చేతిలో పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు.

అక్కకు చెప్పాలనుకున్నాడు. చెప్తే ముందు ‘నేను అమ్మనలా అన్నాను, తప్పన్నాను’ అనాలి. ఆ రెండు ముక్కలకు నోరు రాలేదు. రేపు చెప్దాం, పండక్కి చెప్దాం, చిన్నది పెద్దదయ్యాక చెప్దాం అనుకుంటూ ఇరవై రెండేళ్ళు గడిపేశాడు. ఆ చిన్నదే ఇప్పుడు నటిస్తున్నానేమో అని తల్లినడుగుతోంది.

ముక్క వచ్చింది. మూడు దిమ్మెలుగా పొదిగాడు. పేర్లుండవు, లోపల చిన్న కాగితం మీద నంబరు మాత్రమే ఉంటుంది. అది ఆ గది రివాజు. ఎవరిదీ అని అడగకూడదని తలుపు మీద ఆయనే రాసి అంటించాడు కూడా. ఈసారి మాత్రం నంబరు చూస్తే మేనకోడలి మొహమే కనిపించేది, అదీ నాలుగేళ్ళ వయసుది. ఆయన దాన్ని చివరిసారి తీరిగ్గా చూసింది అప్పుడే.

మొదటి దిమ్మెలో కండ తక్కువ, కొవ్వే ఎక్కువ. పనికిరాలేదు. రెండోది బాగుంది. వెండి రంగు చూసుకుని పొరలు తీశాడు. యంత్రంలో పెట్టగానే చిరిగిపోయాయి. మళ్ళీ తీశాడు, మళ్ళీ చిరిగాయి. చిరగనివి కూడా తెల్లగా పాలిపోయి, చదవడానికి ఏమీ లేదు.

"ఈ మధ్య మీ పొరలు ఇలాగే వస్తున్నాయి మాస్టారూ," అంది డాక్టరమ్మ మెల్లిగా. "ఏడాదిగా చూస్తున్నాను. అందామా వద్దా అని ఊరుకున్నాను."

"గాజు మంచిది రావట్లేదండీ," అన్నాడు. నాలుగు రోజులకు జిగురు మంచిది కాదన్నాడు. ఆపైన నీళ్ళన్నాడు, పక్కన ఉతికే యంత్రాల అదురన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వరస. కత్తి మార్చినప్పుడల్లా దిమ్మెను మళ్ళీ సరిచేయాలి, సరిచేసినప్పుడల్లా ముక్క అరుగుతుంది. అలా పది రోజుల్లో రెండో దిమ్మె అయిపోయింది. మూడోది మిగిలింది. అందులో కండ సగం నువ్వుగింజంత.

అది పోతే చిన్నదాని కాగితం మీద ‘మనసు జబ్బు’ అని శాశ్వతంగా ఉండిపోతుంది. అల్లుడి మాట నెగ్గుతుంది. అంతకంటే ఘోరం, చిన్నదే ఆ మాట నమ్ముతుంది.

మూడో దిమ్మెకు పదహారు కత్తులు విరిచి, పదిహేను పారేసి, ఒకటి ఎంచుకున్నాడు. భోజనం మానేసి కూర్చున్నాడు. పొరలు కోసే యంత్రం చక్రం తిప్పాడు. మొదటి పొర నీటి మీదకి జారింది. భూతద్దాల్లోంచి చూస్తే ఏముంది, నిగనిగలాడే వెండి. అగ్గిపుల్ల అందుకున్నాడు. పది రోజుల అలసట కదా, కుడి రెప్ప దానంతటదే వాలి మూసుకుపోయింది. ఎడమ కన్నొక్కటే మిగిలింది.

ఆ కంటికి పొర బూడిద రంగులో ఉంది.

వేలితో కుడి రెప్ప పైకెత్తాడు. వెండి. వదిలాడు. బూడిద. మళ్ళీ ఎత్తాడు. వెండి! గాజు మంచిదే, జిగురు మంచిదే, నీళ్ళూ మంచివే. కుడి కంట్లో శుక్లం ముదిరి పసుపు పట్టింది, అంతే. ముప్పై ఏళ్ళుగా ఆయన రంగు చూసేది ఆ కంటితోనే. ఆ పసుపులోంచి చూస్తే బూడిద వెండిలా ఉంది, అసలు వెండి బంగారంలా ఉంది. అంటే ఏడాదిగా అసలైన పొరల్ని మందమని పారేసి, చచ్చు పొరల్ని డాక్టరమ్మకు పంపుతున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, దొంగ కంట్లోనే కాపురముంటే ఎవరు పడతారు?

ఇప్పుడు ఎడమ కన్ను నమ్మొచ్చా? దానికీ యాభై ఎనిమిదేళ్ళే. ముక్క ఇంకో పాతిక పొరలకు మించి రాదు. ఆయన లేచి తలుపు తీశాడు. వరండాలో నేల తుడిచే ఆవిడ ఉంది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని అందరూ రేడియో అంటారు. వినేవాళ్ళు లేకపోతే బకెట్టుతో మాట్లాడుతుంది.

"ఏమ్మా, ఒకసారి లోపలికి రా."

"నేనా? మీ గదిలోకా? తడి కాళ్ళండీ. అయినా ఎవరూ రాకూడదని బయట రాసుంది కదా?"

"రాసింది నేనేలే. రా."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం అదే మొదలు. రేడియో చీపురు గోడకానించి, చేతులు తుడుచుకుని, భూతద్దాలకు కళ్ళానించింది.

"నీళ్ళ మీద ఏదో సన్నటి పెంకులా ఉందండీ."

"దాని రంగు చెప్పు."

"బూడిద. తడి గుడ్డతో తుడిచాక నేల ఆరీ ఆరకుండా ఉంటుందే, ఆ రంగు."

ఆయన మందం మీట కాస్త పెంచి, ఇంకో పొర తీశాడు. ఆయన కుడికంటికి అది పచ్చటి బంగారం. నిన్నటి దాకా ఐతే ఛీ అని నెట్టేసేవాడు.

"ఇప్పుడు?"

"అబ్బో! మెరుస్తోంది. కొత్త స్టీలు గిన్నె లాగుందండీ."

"సరిగ్గా చూసి చెప్పు తల్లీ. పసుపు ఛాయ ఏమైనా ఉందా?"

"పసుపా? చుక్క లేదు. రోజూ గిన్నెలు తోముకునేదాన్ని, ఆ మాత్రం తెలీదా నాకు?"

అలా ఆమె చెప్తుంటే ఆయన తీశాడు. పద్దెనిమిది పొరలొచ్చాయి. రెప్పవెంట్రుకతో ఒక్కొక్కటీ దగ్గరికి జరిపి, చిన్న రాగి జల్లెడ బిళ్ళల మీదకి ఎత్తుకున్నాడు. రేడియో ఊపిరి బిగబట్టి చూసింది. ఆమె అంతసేపు నోరు మూసుకోవడం ఆసుపత్రి చరిత్రలో లేదు.

"ఇంత కష్టపడుతున్నారు, ఎవరిదండీ ఇది?" అనేసి నాలిక్కరుచుకుంది. "అడక్కూడదు కదూ."

"మా అక్క కూతురిది."

"మీకు అక్క ఉందా మాస్టారూ!" అంది రేడియో. ఆశ్చర్యంలో కల్మషం లేదు. పదకొండేళ్ళుగా ఆ గుమ్మం తుడుస్తోంది, ఆయనకు ఎవరైనా ఉంటారన్న ఆలోచనే రాలేదు ఆమెకు. ఆయనకు ఆ మాట ములుకులా తగిలింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మకు ముందు తన కంటి సంగతి చెప్పాడు. ఏడాదిగా కోసిన దిమ్మెల్లో మిగిలినవి ఒక్కటీ పారేయలేదనీ, అనుమానం ఉన్నవన్నీ మళ్ళీ కోయాలనీ, తను కన్ను చూపించుకునే దాకా పక్క ఆసుపత్రి నుంచి ఎవరినైనా పిలిపించమనీ చెప్పాడు. నంబరు కాగితం అక్క కూతురిదన్న సంగతీ దాచలేదు. ఆవిడ కోప్పడింది, కోప్పడాల్సిందే. ఆ తర్వాత దీపం ఆర్పి, యంత్రం ముందు కూర్చుంది. ఆయన వెనక నిలబడ్డాడు.

మొదటి పొర చిరగలేదు. కండ పోగులు వరసగా వచ్చాయి. డాక్టరమ్మ అంచు వెంట జరుపుకుంటూ పోయింది. అంచు కింద మైటోకాండ్రియా గుంపులుగా పోగుపడి ఉన్నాయి. పెంచింది. మడతలు వేలిముద్రల్లా చుట్లు తిరిగి ఉన్నాయి. ఇంకా పెంచింది. లోపల ఇటుకలు పేర్చినట్టు దిమ్మెలు. ఇరవై రెండేళ్ళ కిందట చూసిందే.

"మాస్టారూ, ఇది మనసు జబ్బు కాదు," అంది డాక్టరమ్మ. "ఈ అమ్మాయి ఆరేళ్ళుగా నిజమే చెప్తోంది. ఈ ఫొటోలు చాలు, ఇకమీదటి పరీక్షలు నేను రాసి పంపుతాను. మీ అక్కగారికి మీరే చెప్పండి."

ఆయన ఆగలేకపోయాడు. గోడ ఫోను నుంచి బయటి ఊళ్ళకు కలవదు. లిఫ్టు నిండా దుప్పట్ల బళ్ళున్నాయి. మెట్ల వైపు నడిచాడు. ఇరవై రెండు మెట్లెక్కితే మలుపులో కిటికీ ఉంది, అక్కడ సిగ్నలు వస్తుంది. ఆయన మెట్లెక్కి ఎన్నాళ్ళయిందో. పదికే కాళ్ళు పీకాయి. పదిహేనుకు రెయిలింగు పట్టుకున్నాడు. మలుపు చేరేసరికి ఒళ్ళంతా చెమట.

"అక్కా, దొరికింది. కండలోనే ఉంది జబ్బు. చిన్నది నటించలేదు. ఒక్కరోజు కూడా నటించలేదు."

అవతల చాలాసేపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఇప్పుడే చెప్తానురా దానికి. పక్క గదిలోనే ఉంది."

"అక్కా, ఒక్క నిమిషం. ఇది అమ్మ నుంచి వచ్చింది. నీ నుంచి దానికి. నాకూ ఉండే ఉంటుంది. అమ్మది బద్ధకం కాదక్కా. నాకు ఇరవై రెండేళ్ళ కిందటే తెలుసు. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

ఇంతకాలం మోసింది దించేశాక తేలికవుతుందనుకున్నాడు పాపం.

"అమ్మది బద్ధకమని మనింట్లో అన్నవాడివి నువ్వొక్కడివేరా," అంది అక్క. గొంతులో కోపం లేదు. "నాకు యంత్రాలెందుకు? తెలియకపోతే మెట్ల మీద పీట ఎందుకేశాను?"

ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"అమ్మ సంగతి నాకు చెప్పక్కర్లేదు. కానీ ఇది వస్తుందని నాకప్పుడే చెప్పుంటే, చిన్నదాన్ని ఇన్ని మాటలు పడనిచ్చేదాన్ని కాదు." ఒక్క క్షణం ఆగింది. "ఉంటానురా. అది నా కోసం చూస్తోంది."

ఫోను పెట్టేసింది. ఆయన కిటికీ పక్కన గోడకు ఆనుకున్నాడు. పైన ఇంకా ఇరవై రెండు మెట్లున్నాయి, కింద ఇరవై రెండు. రెండింట్లో దేనికీ కాలు లేవలేదు. మెల్లిగా జారి, మలుపులో కింద కూర్చున్నాడు. రెండు రెప్పలూ వాలిపోయాయి.

చీపురు చప్పుడూ, బకెట్టు చప్పుడూ మెట్టు మెట్టుకూ దిగుతూ దగ్గరికొచ్చాయి.

"అయ్యో, ఇక్కడ కూర్చున్నారేంటి మాస్టారూ? తడి అంటుతుంది! ఏమైందండీ?"

ఆయన వేలితో ఒక రెప్ప పైకెత్తి ఆమె మొహం చూశాడు.

"ఓపిక లేదమ్మా," అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"లేకపోతే కూర్చోండి, దానికేముంది?" అంది రేడియో. బకెట్టు పక్కకు జరిపి, ఆయన్ని లెమ్మనకుండా, చుట్టూ తుడుచుకుంటూ పోయింది.